అమెరికా 1917లో యుద్ధంలోకి దిగింది బ్యాంకుల అప్పులు కాపాడటానికేనా?

మీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. 1914లో "ఈ గొడవతో మాకు సంబంధం లేదు" అన్న అమెరికా 1917 ఏప్రిల్‌లో మొదటి ప్రపంచ యుద్ధంలోకి ఎందుకు దిగింది, అది మోర్గాన్ బ్యాంకు ఇచ్చిన అప్పులు మునిగిపోకుండా చూసుకోవడానికేనని మీ లెక్చరర్ చెప్పింది నిజమేనా, దిగాక ఆ దేశం బాగుపడిందా. నేను చరిత్ర ప్రొఫెసర్ని కాను. ప్రభుత్వ రంగ బ్యాంకులో ఫారిన్ ఎక్స్ఛేంజ్ సెక్షన్‌లో, గుంటూరు వైపు పొగాకు, మిర్చి ఎగుమతిదారుల లెటర్ ఆఫ్ క్రెడిట్ కాగితాలు చూస్తూ రిటైరయ్యాను, ఇప్పుడు డిగ్రీ పిల్లలకి ఆర్థిక చరిత్ర చెబుతుంటాను. అందుకని ఈ కథని సైన్యాల వైపు నుంచి కాక, సరుకు ఎవరు కొన్నారు, డబ్బు ఎవరిచ్చారు, ఓడ ఎవరిది అన్న వైపు నుంచి చెబుతాను.

సూటిగా జవాబు ఇదీ. అప్పులు కాపాడుకోవడానికి దిగలేదు. కానీ అప్పు మీద అమ్మిన సరుకు అమెరికా తటస్థతని ఒక పక్కకి ఒరిగేలా చేసింది, ఆ సరుకుని ఆపడానికే జర్మనీ జలాంతర్గాముల్ని వదిలింది, ఆ జలాంతర్గాములు అమెరికాని యుద్ధంలోకి లాగాయి. ఇక లాభం సంగతి: సొమ్ము చేసుకున్నది దూరంగా నిలబడి అమ్మిన రెండున్నరేళ్ళలోనే. దిగాక మిగిలింది ఎక్కువగా ఖర్చు, గందరగోళం, ధరల పెరుగుదల.

ఇప్పుడు మొదటినుంచీ వద్దాం. 1914 ఆగస్టులో యుద్ధం మొదలవగానే అమెరికా వ్యాపారానికి కాలం కలిసొచ్చిందని చాలామంది అనుకుంటారు. మొదట జరిగింది దానికి తలకిందులు. యూరప్ వాళ్ళు తమ చేతిలోని అమెరికన్ షేర్లు అమ్మేసి బంగారం పట్టుకుపోతారన్న భయంతో జూలై 31న న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్ మూసేశారు, నాలుగు నెలలకి పైగా తెరవలేదు. దేశం అప్పటికే మాంద్యంలో ఉంది. దక్షిణాది రాష్ట్రాల్లో ఆ ఏడు పత్తి విరగపండింది, కొనే జర్మనీ, బ్రిటన్ మిల్లులకి తీసుకెళ్ళే ఓడలు లేవు, పౌను 12, 13 సెంట్లున్న ధర సగానికి పడిపోయింది. "తలా ఒక బేలు కొనండి" అని ఊళ్ళల్లో ప్రచారం చేసి, దుకాణాల ముందు పత్తి బేళ్ళు పెట్టుకునే పరిస్థితి వచ్చింది.

ఓడల మాట ఎందుకు ఎత్తానంటే, అమెరికా విదేశీ వ్యాపారంలో సొంత జెండా ఓడల్లో వెళ్ళేది అప్పుడు పదో వంతు మాత్రమే, మిగతాదంతా బ్రిటిష్, జర్మన్ ఓడల మీదే. జర్మన్ ఓడలు రేవుల్లో దాక్కున్నాయి, బ్రిటిష్ ఓడలు తమ సొంత యుద్ధానికి వెళ్ళాయి. పైగా మెరైన్ ఇన్సూరెన్స్ వాళ్ళు యుద్ధ ప్రమాదానికి ప్రీమియం పెంచేశారు. ఇన్సూరెన్స్ లేకపోతే ఏ బ్యాంకూ బిల్లు కొనదు, అంటే సరుకు కాగితాల మీద ముందుగా డబ్బివ్వదు, బిల్లు కొనకపోతే ఎగుమతిదారుకి డబ్బు రాదు, ఇది మా సెక్షన్‌లో కొత్తగా చేరిన క్లర్కుకి కూడా మొదటి వారంలోనే తెలిసే విషయం. అందుకే సెప్టెంబరులోనే ప్రభుత్వం తానే యుద్ధ ప్రమాద బీమా బ్యూరో తెరవాల్సి వచ్చింది. తటస్థ దేశం తొలి యుద్ధకాల సంస్థ బీమా ఆఫీసు అన్నమాట.

అధ్యక్షుడు వుడ్రో విల్సన్ చేతల్లోనే కాదు, ఆలోచనలో కూడా నిష్పక్షపాతంగా ఉండండని ప్రజలకి చెప్పాడు. విదేశాంగ మంత్రి విలియం జెన్నింగ్స్ బ్రయన్ ఇంకో అడుగు ముందుకేసి, యుద్ధం చేస్తున్న దేశాలకి అమెరికన్ బ్యాంకులు అప్పులివ్వడం తటస్థతకి తగదన్నాడు. డబ్బే అన్నిటికన్నా చెడ్డ నిషిద్ధ సరుకు (అంటే శత్రువుకి చేరకుండా దారిలో పట్టుకోదగ్గ సరుకు), మిగతా అన్నిటినీ అదే శాసిస్తుంది అని ఆయన వాదన. నాకు ఈ మనిషి మీద గౌరవం ఎక్కువ. బ్యాంకరు కాకపోయినా బ్యాంకింగ్ గుట్టు పట్టుకున్నాడు.

కానీ ఆ నిషేధం అక్టోబరుకల్లా బీటలు వారింది. ఎలాగంటే, "అప్పు" వేరు, "వాణిజ్య రుణం" వేరు అన్నారు. బాండ్లు జనానికి అమ్మి ఫ్రాన్స్‌కి డబ్బు ఇవ్వడం తప్పు, ఫ్రాన్స్ ఇక్కడ కొన్న సరుకుకి బ్యాంకు కొన్నాళ్ళు గడువు ఇవ్వడం తప్పు కాదు అని. కాగితం మీద తేడా ఉంది, ఒప్పుకుంటాను. ఆచరణలో గడువు తీరినప్పుడు కొత్త గడువు, దాని మీద మరో గడువు, చివరికి ఆ మొత్తాన్ని తీర్చడానికి పెద్ద అప్పు. ఇలాంటి ఖాతాలు నేను చూశాను, పార్టీ ఎగ్గొట్టకపోయినా సరే, సరుకు అమ్మేవాడు కొనేవాడి మీద ఎలా ఆధారపడిపోతాడో తెలుసు. 1915 అక్టోబరులో బ్రిటన్, ఫ్రాన్స్ కలిపి న్యూయార్క్‌లో 50 కోట్ల డాలర్ల బాండ్లు అమ్మాయి, ఏ తాకట్టూ లేకుండా. అప్పటికి బ్రయన్ పదవిలో లేడు.

జే.పీ. మోర్గాన్ సంస్థ పాత్ర ఇక్కడే అర్థం చేసుకోవాలి. 1915 జనవరిలో బ్రిటన్ ఈ సంస్థని తన కొనుగోలు ఏజెంటుగా పెట్టుకుంది, తర్వాత ఫ్రాన్స్ కూడా. అంతకుముందు రెండు దేశాల కొనుగోలు అధికారులూ ఒకే ఫ్యాక్టరీ గుమ్మం ముందు ఒకరి మీద ఒకరు పాడుకుని ధర పెంచేవాళ్ళు. మోర్గాన్‌లో ఎడ్వర్డ్ స్టెటినియస్ అనే ఆయన కింద ఒక పెద్ద విభాగం పెట్టి తుపాకీ మందు, ఉక్కు, రాగి, గోధుమ, గుర్రాలు అన్నీ ఒక్క చోటి నుంచి కొన్నారు. మొత్తం సుమారు 300 కోట్ల డాలర్ల సరుకు, వాళ్ళకి ఒక శాతం చుట్టుపక్కల కమిషన్. డ్యూపాంట్ తుపాకీ మందు ఫ్యాక్టరీలు, బెత్లహెమ్ స్టీల్ కొలుములు రాత్రీ పగలూ నడిచాయి.

అంకెలు చూడండి. 1914లో మిత్రపక్షాలతో, అంటే బ్రిటన్, ఫ్రాన్స్, వాటి తోడు దేశాలతో, అమెరికా వ్యాపారం 82 కోట్ల డాలర్లు. 1916లో 320 కోట్లు. అదే కాలంలో జర్మనీ పక్షంతో వ్యాపారం దాదాపు 17 కోట్ల నుంచి సుమారు 12 లక్షల డాలర్లకి పడిపోయింది. 1917 ఏప్రిల్ నాటికి మిత్రపక్షాలు అమెరికాలో తెచ్చుకున్న అప్పు సుమారు 230 కోట్లు, జర్మనీది 2.7 కోట్లు. చట్టం ప్రకారం అమెరికా ఎవరికైనా అమ్మొచ్చు, కానీ సముద్రం బ్రిటన్ చేతిలో ఉంది కాబట్టి ఒక్కరికే అమ్మగలిగింది. నా దృష్టిలో ఈ కథకి ఇరుసు ఇదే.

బ్రిటన్ తక్కువేమీ తినలేదు. 1914 నవంబరులో ఉత్తర సముద్రం మొత్తాన్ని యుద్ధ ప్రాంతమని ప్రకటించి, తటస్థ దేశాల ఓడల్ని ఆపి, సరుకు తనిఖీ చేసి, జర్మనీకి చేరుతుందనుకున్నదాన్ని పట్టుకుంది. ఆహారాన్నీ వదల్లేదు. అమెరికా నిరసన లేఖలు రాసింది, అంతే. 1915 ఆగస్టులో పత్తిని కూడా నిషిద్ధ సరుకు చేసినప్పుడు దక్షిణాది మండిపడకుండా, ధర పడిపోతే తానే కొంటానని బ్రిటన్ లోపాయికారీగా ఒప్పుకుంది. అంటే బ్రిటన్ అతిక్రమణకి పరిహారం డబ్బుతో వచ్చింది. జర్మనీ దగ్గర ఆ వెసులుబాటు లేదు, జలాంతర్గామి మునగేసిన ఓడలో మనుషులు చచ్చిపోతారు.

1915 మే 7న ఐర్లండ్ తీరంలో లూసిటానియా మునిగింది. 1,198 మంది చనిపోయారు, అందులో 128 మంది అమెరికన్లు. ఓడలో ప్రయాణికులతో పాటు సుమారు 42 లక్షల తుపాకీ గుళ్ళు కూడా ఉన్నాయన్నది రహస్యం కాదు, సరుకుల జాబితాలోనే ఉంది. విల్సన్ జర్మనీకి ఘాటైన లేఖలు రాశాడు. బ్రయన్, బ్రిటన్‌కి కూడా అంతే ఘాటుగా రాద్దాం, యుద్ధం చేస్తున్న దేశాల ఓడల్లో మనవాళ్ళని ఎక్కవద్దని చెబుదాం అన్నాడు. మాట చెల్లలేదు, జూన్‌లో రాజీనామా చేశాడు. మీ పరీక్షల్లో ఈ రాజీనామా రెండు మార్కుల ప్రశ్న. నిజానికి తటస్థత అంటే ఏమిటన్న చర్చ ప్రభుత్వంలో అక్కడితో ముగిసింది.

1916 మార్చిలో ససెక్స్ అనే ప్రయాణికుల ఓడ మీద టార్పెడో పడ్డాక, ఇకపై హెచ్చరిక లేకుండా వ్యాపార ఓడల్ని ముంచనని మే నెలలో జర్మనీ మాట ఇచ్చింది. తొమ్మిది నెలలు ఆ మాట నిలిచింది. ఆ మధ్యలో జూలై 30న న్యూయార్క్ రేవు ఎదురుగా బ్లాక్ టామ్ దగ్గర మిత్రపక్షాలకి పంపాల్సిన మందుగుండు పేలిపోయింది, జర్మన్ ఏజెంట్ల పని అని తర్వాత తేలింది. స్వాతంత్ర్య దేవత విగ్రహం చేతిలోని కాగడా దాకా జనం ఎక్కడం అప్పటినుంచే ఆగిపోయింది. నవంబరులో "మనల్ని యుద్ధానికి దూరంగా ఉంచాడు" అన్న నినాదంతో విల్సన్ మళ్ళీ గెలిచాడు, 277 ఎలక్టోరల్ ఓట్లకి (రాష్ట్రాల వారీగా లెక్కించే ఓట్లు) 254, కాలిఫోర్నియాలో నాలుగు వేల లోపు ఓట్ల తేడాతో.

ఇప్పుడు మీ లెక్చరర్ వాదన దగ్గరికి. అప్పులు కాపాడటానికే యుద్ధం అంటే, 1916 నవంబరు 28న జరిగింది ఎలా అర్థం చేసుకోవాలి? అప్పటికి బ్రిటన్ పరిస్థితి చూడండి. రోజుకి 50 లక్షల పౌండ్ల యుద్ధ ఖర్చు, అందులో 20 లక్షలు ఉత్తర అమెరికాలోనే వెతుక్కోవాలి. బంగారం తరిగిపోతోంది. పౌరుల దగ్గరున్న అమెరికన్ రైల్వే షేర్లు, బాండ్లు ప్రభుత్వం సేకరించి న్యూయార్క్‌లో తాకట్టు పెడుతోంది. ఇల్లాలి నగలు అయిపోవచ్చిన దశ అది. మోర్గాన్ అప్పుడు తాకట్టు అవసరంలేని బ్రిటన్, ఫ్రాన్స్ ప్రభుత్వాల స్వల్పకాలిక అప్పు కాగితాలు, అంటే ట్రెజరీ బిల్లులు, అమెరికన్ బ్యాంకులకి అమ్మాలని చూసింది. కొత్తగా పుట్టిన అమెరికా కేంద్ర బ్యాంకు, ఫెడరల్ రిజర్వ్ బోర్డు, బహిరంగంగా ఒక హెచ్చరిక ఇచ్చింది: ఇలాంటి తాకట్టు లేని విదేశీ కాగితాల విషయంలో జాగ్రత్త అని. ఆ ముసాయిదా చూసి విల్సన్ ఇంకా గట్టిగా రాయమన్నాడు. మిత్రపక్షాల బాండ్ల ధరలు పడిపోయాయి, బిల్లుల పథకం వెనక్కి పోయింది.

అప్పులిచ్చినవాళ్ళ కోసం యుద్ధానికి సిద్ధమవుతున్న మనిషి చేసే పని కాదది. లండన్ ఖజానాలో ఈ లెక్కలు చూస్తున్న ఆర్థికవేత్త జాన్ మేనార్డ్ కీన్స్ లాంటివాళ్ళకి స్పష్టంగా తెలుసు, ఇంకొన్ని నెలల్లో డాలర్లు అయిపోతాయి, అయిపోతే కొనుగోళ్ళు ఆగిపోతాయి అని. జర్మనీ చేతులు ముడుచుకుని కూర్చున్నా చాలు, అట్లాంటిక్ సరుకు దానంతటదే చిక్కిపోయేది. ఆ సంగతి బెర్లిన్‌కి తెలియదు.

1917 జనవరి 9న ప్లెస్ కోటలో కైజర్ (జర్మన్ చక్రవర్తి) ముందు జర్మన్ పెద్దలు కూర్చుని నిర్ణయం తీసుకున్నారు. నౌకాదళాధిపతి హోల్ట్‌జెండార్ఫ్ లెక్క ప్రకారం నెలకి 6 లక్షల టన్నుల ఓడలు ముంచితే ఐదు నెలల్లో బ్రిటన్ కాళ్ళబేరానికి వస్తుంది. అమెరికా వస్తుందని తెలుసు. దాని సైన్యం యూరప్ చేరేలోపు పని అయిపోతుందని ధీమా. ఆ లెక్కలో టన్నుల అంకె తప్పలేదు, ఏప్రిల్‌లో 8 లక్షల టన్నులు దాటి ముంచారు కూడా. తప్పిందేమిటంటే బ్రిటన్ ఓడల్ని గుంపులుగా యుద్ధనౌకల కాపలాలో పంపడం మొదలుపెట్టింది, రొట్టె తినేవాళ్ళు తిండి తగ్గించుకున్నారు, పొలాలు పెంచారు.

ఫిబ్రవరి 1 నుంచి దాడులు. 3న విల్సన్ దౌత్య సంబంధాలు తెంచుకున్నాడు, కానీ ఇంకా యుద్ధం అనలేదు. మార్చి 1న జర్మనీ విదేశాంగ మంత్రి జిమ్మర్‌మన్ పంపిన టెలిగ్రామ్ పేపర్లలో వచ్చింది: అమెరికాతో యుద్ధం వస్తే మాతో చేరండి, టెక్సస్, న్యూ మెక్సికో, ఆరిజోనా మీకు తిరిగి ఇప్పిస్తామని మెక్సికోకి జర్మనీ ఎర. శాంతి చర్చల కోసమని విల్సన్ వాడుకోనిచ్చిన అమెరికన్ దౌత్య తంతిమార్గంలోనే అది వెళ్ళింది, అంతకన్నా తెగింపు ఏముంటుంది. అది బ్రిటిష్ వాళ్ళ సృష్టి అని వాదించేవాళ్ళకి రెండు రోజుల్లో జిమ్మర్‌మనే నోరు మూయించాడు, నిజమేనని ఒప్పేసుకుని. మార్చి మధ్యలో మూడు అమెరికన్ ఓడలు మునిగిన వార్త, అదే వారంలో రష్యాలో జార్ దిగిపోవడం, దాంతో "ప్రజాస్వామ్యాల పక్షం" అని చెప్పుకోవడానికి ఉన్న చివరి ఇబ్బంది తొలగడం. ఏప్రిల్ 2న యుద్ధం ప్రకటించమని విల్సన్ కాంగ్రెస్‌ని, అంటే అమెరికా పార్లమెంటుని, అడిగాడు. సెనేట్‌లో 82-6, ప్రతినిధుల సభలో 373-50. వ్యతిరేకించినవాళ్ళలో ఆ సభకి ఎన్నికైన మొదటి మహిళ జెనెట్ రాంకిన్ ఉంది. సెనేటర్ జార్జ్ నోరిస్ అమెరికన్ జెండా మీద డాలర్ గుర్తు వేస్తున్నామని లేచి అన్నాడు. మీ లెక్చరర్ మాటకి మూలం అక్కడుంది.

నోరిస్ కోపం నాకు అర్థమవుతుంది, కానీ ఇంకో కాగితం కూడా చూడాలి. అమెరికా దిగే నాటికి మోర్గాన్ పుస్తకాల్లో బ్రిటన్ ఓవర్‌డ్రాఫ్ట్ పెరుగుతూ 40 కోట్ల డాలర్ల దాకా వెళ్ళింది. ప్రభుత్వం బ్యాంకర్ల చేతిలో కీలుబొమ్మ అయితే మొదట తీర్చాల్సింది అదే. ట్రెజరీ మంత్రి మకాడూ, జనం కొన్న యుద్ధ బాండ్ల డబ్బుతో మోర్గాన్ బాకీ తీర్చడం కుదరదని మొండికేశాడు.

ఇక దిగాక ఏమైందో.

ముందు డబ్బు. యుద్ధం మొత్తం ఖర్చు సుమారు 3,200 కోట్ల డాలర్లు. 1916లో దేశ రుణం 120 కోట్ల చుట్టుపక్కల ఉంటే 1919కి 2,500 కోట్లు దాటింది. ఆదాయపు పన్ను అప్పటికి పుట్టి నాలుగేళ్ళే, పై శ్లాబు 7 శాతంతో మొదలైంది, 1917లో 67, 1918లో 77 అయింది. అయినా పన్నుల వాటా మూడో వంతు దాటలేదు, మిగతాదంతా లిబర్టీ బాండ్లు, అంటే ప్రభుత్వం జనానికి అమ్మిన యుద్ధ బాండ్లు. ఐదు విడతల్లో 2,150 కోట్ల డాలర్లు. చార్లీ చాప్లిన్, మేరీ పిక్‌ఫోర్డ్ ఊరూరా తిరిగి అమ్మారు, పిల్లలకి 25 సెంట్ల స్టాంపులు. కొనకపోతే ఇరుగుపొరుగు దేశద్రోహి అనేవాళ్ళు.

ఇందులో అసలు కిటుకు చాలామంది చెప్పరు. బాండు కొనడానికి జనం దగ్గర అంత పొదుపు లేదు. కాబట్టి "అప్పు తెచ్చుకుని కొనండి" అన్నారు. కస్టమరు బాండునే తాకట్టు పెట్టి బ్యాంకు దగ్గర అప్పు తీసుకుంటాడు, బ్యాంకు ఆ కాగితాన్ని ఫెడరల్ రిజర్వ్ దగ్గర తక్కువ వడ్డీకి మార్చుకుంటుంది. లెడ్జరులో చూస్తే ప్రజల పొదుపు, నిజానికి కొత్త డబ్బు ముద్రణకి దొడ్డిదారి. ఫలితం ధరల్లో తెలిసింది: 1914లో డాలరుకి వచ్చే సరుకు 1920లో రెండు డాలర్లయింది. 1920లో వడ్డీ రేట్లు పెంచేసరికి వంద డాలర్ల లిబర్టీ బాండు ధర 85 దరిదాపులకి దిగింది, చేతిలో డబ్బు అవసరమైన చిన్నవాళ్ళే ఆ ధరకి అమ్ముకున్నారు.

తిండి విషయంలో మాత్రం మెచ్చుకోవాలి. 1917 ఆగస్టు చట్టంతో హెర్బర్ట్ హూవర్‌కి ఆహార పరిపాలన అప్పగించారు, ఆయన జీతం తీసుకోలేదు. రేషన్ కార్డులు పెట్టలేదు. సోమ, బుధవారాలు గోధుమ లేకుండా, మంగళవారం మాంసం లేకుండా అని ఇళ్ళలో ప్రతిజ్ఞ కార్డులు పంచాడు. రైతు వైపు మాత్రం మాటలతో పని జరగదని ఆయనకి తెలుసు, గోధుమకి బుషెల్ (సుమారు 27 కిలోలు) 2.20 డాలర్ల ధర ఖాయం చేశారు. విస్తీర్ణం పెరిగింది, యూరప్‌కి నౌకల నిండా గింజలు వెళ్ళాయి. ఆ ధర చూసి మధ్యపశ్చిమ రైతులు అప్పు చేసి భూములు కొన్నారు, ట్రాక్టర్లు కొన్నారు. 1920, 21 వచ్చేసరికి ధర సగానికి పైగా పడిపోయింది, భూమి అప్పు మాత్రం అలాగే ఉంది. ఆ దశాబ్దమంతా గ్రామీణ బ్యాంకులు మూతపడుతూనే వచ్చాయి. గుంటూరు మిర్చికి ఒక ఏడు ధర పలికితే మరుసటి ఏడు కౌలు రేటు ఎంత ఎగబాకుతుందో, ఆ పై ఏడు మా బ్రాంచిలో మొండి బకాయిల రిజిస్టరు ఎంత లావెక్కుతుందో చూసినవాణ్ణి కాబట్టి ఈ భాగం చదివేటప్పుడు నాకు కొత్త అనిపించదు.

పరిశ్రమల వైపు గందరగోళం చెప్పాలంటే 1917-18 చలికాలం ఒక్కటి చాలు. ప్రతి ప్రభుత్వ శాఖా తన సరుకుకి "అర్జంటు" చీటీ అంటించుకునే అధికారం తెచ్చుకుంది, చివరికి రైల్వే యార్డుల్లో చీటీ లేని వ్యాగన్ వెతికితే దొరకని స్థితి. అన్నీ తూర్పు రేవులకే పోతున్నాయి, రేవుల్లో ఓడలు లేవు, దించే చోటు లేక వ్యాగన్లనే గోడౌన్లుగా వదిలేశారు. వ్యాగన్లు వెనక్కి రాకపోతే గనుల దగ్గర బొగ్గు కదలదు, బొగ్గు రాకపోతే రేవులో సరుకెక్కించుకున్న ఓడ కూడా కదలదు. చలికి న్యూయార్క్ రేవు గడ్డకట్టింది. డిసెంబరు చివర ప్రభుత్వం రైల్వేలని తన చేతిలోకి తీసుకుంది. జనవరి 18 నుంచి మిసిసిపి నదికి తూర్పున ఉన్న ఫ్యాక్టరీలు ఐదు రోజులు మూసేయాలని, తర్వాత కొన్ని వారాలు సోమవారాలు సెలవని ఇంధన పరిపాలకుడు హ్యారీ గార్ఫీల్డ్ ఉత్తర్వు వేశాడు. యుద్ధం కోసం ఉత్పత్తి పెంచాల్సిన దేశం ఉత్పత్తి ఆపుకోవాల్సి వచ్చింది. గడియారాల్ని ముందుకి జరిపే పద్ధతి కూడా ఆ వసంతంలోనే చట్టమైంది.

ఆ దెబ్బతోనే యుద్ధ పరిశ్రమల మండలికి పళ్ళు వచ్చాయి. 1917 జూలైలో పెట్టిన ఆ సంస్థ నామమాత్రంగా ఉండేది, 1918 మార్చిలో బెర్నార్డ్ బరూక్ అనే వాల్‌స్ట్రీట్ మనిషికి అప్పగించాక ఎవరికి ముందు ఉక్కు, ఎవరికి తర్వాత అని తేల్చడం మొదలైంది. వస్తువుల రకాలు, సైజులు తగ్గించారు. ధరలు మాత్రం కంపెనీలతో బేరమాడి పెట్టినవే, పెద్ద కంపెనీలకి బాగానే మిగిలింది.

మరి అమెరికన్ ఫ్యాక్టరీలు యుద్ధాన్ని గెలిపించాయా అంటే, ఆయుధాల లెక్కలో లేదు. ఫ్రాన్స్‌లో దిగిన ఇరవై లక్షల అమెరికన్ సైనికులు కాల్చిన ఫిరంగులు దాదాపు అన్నీ ఫ్రాన్స్‌వి, బ్రిటన్‌వి. ట్యాంకులు ఎక్కువగా ఫ్రాన్స్‌వి. ఆ సైనికుల్లో సగం మంది సముద్రం దాటింది బ్రిటిష్ ఓడల్లో. మిగతావాళ్ళలో చాలామంది ఎక్కింది అమెరికా రేవుల్లో పట్టుకున్న జర్మన్ ఓడలు, పెద్ద ఓడ ఫాటర్‌లాండ్‌కి లెవయథన్ అని పేరు మార్చి నడిపారు. ఫిలడెల్ఫియా దగ్గర చిత్తడి నేలలో హాగ్ ఐలండ్ అని ఒకేసారి 50 ఓడలు కట్టే కార్ఖానా లేపారు, ప్రపంచంలోకెల్లా పెద్దది. మొదటి ఓడ 1918 ఆగస్టు 5న నీళ్ళలోకి దిగింది, పూర్తయి చేతికొచ్చింది డిసెంబరులో. యుద్ధం నవంబరు 11నే ఆగిపోయింది. ఇప్పుడక్కడ విమానాశ్రయం ఉంది. ఫ్యాక్టరీ కట్టడానికి ఏడాదిన్నర పట్టే పని, యుద్ధంలో ఉన్నదే పంతొమ్మిది నెలలు. కాబట్టి అమెరికా గెలిపించింది ప్రధానంగా అప్పుతో, గోధుమలతో, పెట్రోలుతో, మనుషులతో.

పనివాళ్ళ సంగతి క్లుప్తంగా. 1914లో 12 లక్షల మంది వలస వచ్చిన దేశానికి 1915లో మూడు లక్షల చిల్లర వచ్చారు. ఆ ఖాళీలోకి దక్షిణాది నుంచి లక్షల మంది నల్లజాతి వాళ్ళు షికాగో, డెట్రాయిట్ లాంటి నగరాలకి కదిలారు, ఆడవాళ్ళు ఫ్యాక్టరీల్లోకి వచ్చారు. నిరుద్యోగం దాదాపు మాయమైంది. కూలి పెరిగింది, ధరలూ వెంటపడ్డాయి. రెండో పక్క, యుద్ధాన్ని విమర్శించినందుకు సోషలిస్టు నాయకుడు యూజీన్ డెబ్స్‌కి పదేళ్ళ జైలు. 1920 ఎన్నికల్లో జైలు నుంచే పోటీ చేసి తొమ్మిది లక్షల పైచిలుకు ఓట్లు తెచ్చుకున్నాడు.

మనకి సంబంధించిన ఒక ముక్క ఉంది, క్లాసులో చెబితే పిల్లలు నమ్మరు. యుద్ధానికి ఇండియా నుంచి జనపనార, గోధుమ, తోలు విపరీతంగా కొన్నారు, దానికి రూపాయల్లో చెల్లించాలి, రూపాయికి వెండి కావాలి. వెండి దొరక్క 1917 చివర్లో ఒక రూపాయి నోటు తెచ్చారు. జనం నోట్లు పట్టుకొచ్చి వెండి ఇమ్మని అడుగుతుంటే నిల్వలు అడుగంటాయి. అప్పుడు అమెరికా 1918 ఏప్రిల్‌లో పిట్‌మన్ చట్టం చేసి తన ఖజానాలోని 27 కోట్ల వెండి డాలర్లు కరిగించింది, అందులో ఎక్కువ భాగం ఔన్సు ఒక డాలరు లెక్కన బ్రిటన్‌కి అమ్మింది, అది ఇక్కడికి వచ్చి రూపాయలైంది. నిజాం రాజ్యానికి విడిగా హాలీ సిక్కా అనే సొంత రూపాయి ఉండేది కదా, అక్కడా అదే లోహ కొరత. హైదరాబాద్‌లో మొదటిసారి కాగితపు కరెన్సీ వచ్చింది 1918లోనే.

చివరిగా, ఆ అప్పులు తిరిగి వచ్చాయా అని మీరు అడగలేదు కానీ జవాబు అందులోనే ఉంది. 1915లో మోర్గాన్ అమ్మిన 50 కోట్ల బాండ్లు గడువు ప్రకారం 1920 అక్టోబరులో పూర్తిగా తీరాయి. తాకట్టు పెట్టి తెచ్చిన ప్రైవేటు అప్పులూ తీరాయి. 1917 తర్వాత అమెరికా ప్రభుత్వం, అంటే లిబర్టీ బాండ్లు కొన్న జనం, మిత్రపక్షాలకి ఇచ్చిన సుమారు వెయ్యి కోట్ల డాలర్లు మాత్రం 1931లో వాయిదా పడి 1934కల్లా ఆగిపోయాయి, పద్ధతిగా కడుతూ వచ్చింది ఫిన్లండ్ ఒక్కటే. సరిగ్గా అదే ఏడు సెనేటర్ నై కమిటీ ఆయుధ వ్యాపారుల మీద విచారణ మొదలుపెట్టింది, మీ లెక్చరర్ వాదన జనంలోకి గట్టిగా దిగింది అప్పుడే. 1935 నుంచి వరసగా తటస్థత చట్టాలు వచ్చాయి: ఆయుధాలు అమ్మొద్దు, అప్పులివ్వొద్దు, యుద్ధం చేస్తున్న దేశం ఓడల్లో ఎక్కొద్దు. బ్రయన్ 1915లో అడిగినవే దాదాపు. 1939లో రెండో యుద్ధం మొదలయ్యాక ఆయుధాల మీద నిషేధం సడలించినప్పుడు కూడా షరతు ఒకటే పెట్టారు, డబ్బు ముందు కట్టి సరుకు మీ ఓడలోనే పట్టుకెళ్ళండి అని. అందులో డబ్బు షరతు 1941 మార్చి దాకా నిలిచింది, బ్రిటన్ దగ్గర మళ్ళీ డాలర్లు అయిపోయేదాకా.